మా ఫోరానికి గేటు పెట్టిన మనిషి

ఆమె పోయిన రోజు, చిల్కానగర్‌లో వాళ్ళింటి ముందు వేసిన షామియానా కింద మేమంతా ఒకరి ముఖాలు ఒకరం చూసుకుంటూ నిలబడ్డాం. ముప్పై మందికి తక్కువ లేం. ఎవరికీ ఎవరూ తెలియదు. ఆమె కూతురు ఏడుపు మధ్యలో తలెత్తి, "వీళ్ళంత ఎవలు?" అని భర్తను అడిగింది. అల్లుడు నా దగ్గరికి వచ్చాడు.

"ఫ్యాక్టరీలోళ్ళా అన్నా?"

"కాదు."

"చుట్టాలైతరా?"

"కాదన్నా. ఫోన్‌ల, కంప్యూటర్‌ల అందరం ఒక్క కాడ రాసుకుంటం. మీ అత్తమ్మ గూడ రాసేది."

అతను తల ఊపాడు గానీ అర్థం కాలేదని తెలుస్తూనే ఉంది. నా వెనకాల ఒక బట్టతల ఆయన గొంతు సవరించుకుని, "నేను బోరునీళ్ళు," అన్నాడు. మేం ఫోరంలో పెట్టుకున్న పేర్లు అలాంటివే. ఇంకొకాయన "నేను రింగురోడ్డు రాజు" అనగానే పక్కనున్న పెద్దమనిషి, "ఓర్నీ, పార్కింగు ముచ్చట్ల నన్ను వారం దినాలు సతాయించింది నువ్వేనా?" అని అతని భుజం పట్టుకున్నాడు. చావింట్లో నవ్వడం తప్పే. అయినా నవ్వాం. ఆ నవ్వు ముగియకముందే ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు కూడా.

ఉప్పల్, నాచారం, చిల్కానగర్ జనం రాసుకోవడానికి నేనొక ఫోరం నడుపుతాను. నాచారంలో కింద జిరాక్సు షాపు, పైన నా కంప్యూటర్ రిపేరు గది. నడిపేది అక్కడి నుంచే. నల్లా నీళ్ళు ఏ రోజు వస్తాయి, ఏ గల్లీలో మోరీ పొంగింది, ఏఎస్ రావు నగర్‌లో ఏ పళ్ళ డాక్టరు ఊరికే పన్ను పీకడు, ఇవీ మా చర్చలు. దేశాన్ని ఉద్ధరించే పని మేమెప్పుడూ పెట్టుకోలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఫోరంలో అందరం గేటమ్మ అనేవాళ్ళం. నాచారం పారిశ్రామికవాడలో ఒక వైర్ల ఫ్యాక్టరీ గేటు పక్కన, టైమాఫీసు కిటికీ వెనక కూర్చుని కూర్చుని రిటైరైన మనిషి. వివరాలు అడిగితే చెప్పేది కాదు. "వచ్చేటోళ్ళను జూసిన. పొయ్యేటోళ్ళను జూసిన. అంతే," అనేది.

ఆ 'అంతే' ఆమె రాసే ప్రతి ముక్కకూ చివర ఉండేది. "మంగళారం నీళ్ళు రావు. డ్రమ్ములు నింపుకోండ్రి. అంతే." "ఆ ప్లంబర్ పని మంచిగ జేస్తడు. మాట మంచిగుండదు. పని గావాల్నా మాట గావాల్నా జూస్కోండ్రి. అంతే." ఒంటి వేలితో, ఫోను చాచిన చేతి దూరంలో పట్టుకుని, పెదాలు కదుపుతూ రాసేది. జుట్టుముడిలో ఎప్పుడూ ఒక నీలం పెన్ను గుచ్చి ఉండేది. రిజిస్టర్లు పోయి ఏళ్ళైనా పెన్ను మాత్రం దిగలేదు. ఎవరైనా తన రాతకు బొటనవేలు గుర్తు పెడితే చిరాకు. "ఏలు జూపెడ్తరేంది? నోట్లె మాట లేదా?" అని కింద రాసేది. పెట్టినవాడు భయపడి, బాగుందమ్మా అని రాసేదాకా ఊరుకునేది కాదు.

నేను కోపిష్టివాణ్ణి. పద్ధతి లేని ప్రతిదానిమీదా నాకు మంట. ఆమెకు కోపం వచ్చేది కాదు; వచ్చినా కనబడేది కాదు. కాదు అని చెప్పాల్సి వస్తే కుడి అరచెయ్యి టేబుల్ మీద చప్పుడు లేకుండా ఆనించేది. అంతే, ఇక ఆ సంగతి అయిపోయినట్టే. ఎదుటివాడు ఎంత అరిచినా ఆ చెయ్యి లేచేది కాదు.

మొదటిసారి ఆ చెయ్యి నా టేబుల్ మీద పడిన రోజు బాగా గుర్తు.

అప్పటికి మా ఫోరం మీద ఒక గుంపు పడి ఉంది. చిల్కానగర్‌లో బ్లౌజులు కుట్టే ఒకమ్మాయి ఉంది. మా దగ్గర 'సూదిదారం' అన్న పేరుతో రాసేది. తన గల్లీలో కొత్తగా వెలిసిన ఒక ఫంక్షన్ హాలు, గిన్నెలు కడిగిన మురికి నీళ్ళు రోడ్డు మీదకే వదులుతోందని, బడికి పోయే పిల్లలు జారి పడుతున్నారని ఫోటో పెట్టి రాసింది. రాసింది అయిదు వాక్యాలు. తిట్లు అయిదు వందలు వచ్చాయి. అవి మురికినీళ్ళ గురించి కాదు. ఆమె గురించి, ఆమె కొలతలు తీసే తీరు గురించి, ఆమె మొగుడి గురించి. ఆమె ఫోను నంబరు పెట్టి, పక్కన రాయరాని మాట రాశారు. అప్పటి నుంచి ఆమెకు రోజూ ఎవడివో ఫోన్లు. ఒక అకౌంటు తీసేస్తే పది నిమిషాల్లో ఇంకో పేరుతో వచ్చేవాళ్ళు. ఇలా కెలకడానికే పుట్టిన జాతిని ట్రోల్స్ అంటారట. గేటమ్మ వాళ్ళకు పెట్టిన పేరు కిరికిరిగాళ్ళు.

నేను తెలివైనవాణ్ణి అనుకుని అకౌంటు తెరవడం కష్టం చేశాను. మెయిల్ ఒక్కటే సరిపోదన్నాను, ఫోనుకు ఓటీపీ పెట్టాను. వాళ్ళ దగ్గర సిమ్ములు కుప్పలు. ఇక బొమ్మల పరీక్ష పెట్టాను: ట్రాఫిక్ లైట్లు ఉన్న గళ్ళన్నీ నొక్కితేనే లోపలికి. పాత మెంబర్లు కూడా మళ్ళీ నొక్కి రావాలన్నాను. కిరికిరిగాళ్ళు చిటికెలో నొక్కేసి వచ్చారు. గేటమ్మ మూడు రోజులు నొక్కి, రాలేక, నాలుగో రోజు పొద్దున మోకాళ్ళు పట్టుకుని నా మెట్లెక్కింది. అదే మేం ఒకరినొకరం మొదటిసారి చూడటం.

కుర్చీ అంచున, సగం తలుపువైపు తిరిగి కూర్చుంది. గేటు పక్క కూర్చున్న నడుము ఇంకెలా కూర్చోలేదని తర్వాత తెలిసింది.

"ఫోరం నడిపేది నువ్వేనా బిడ్డా?"

"అవునమ్మా."

"నేను మనిషినని నీ మిషిన్‌కు నమ్మకం లేదట. గా లైట్ కింది స్తంభం గూడ లైట్ల లెక్కల్నే వస్తదా? నొక్కితే తప్పంటది, నొక్కకపోయినా తప్పంటది."

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

"మంచోళ్ళను బయట నిలవెట్టి, లంగలను లోపటికి తోలుతున్నవ్. గిదేం గేటు? గిసొంటి గేటు నేను నా జిందగీల జూడలె."

రోషం వచ్చింది. ఇంకేం చెయ్యాలమ్మా, అందరి దగ్గరా ఆధార్ కార్డు అడుగుతాను, అప్పుడు ఎవడు వస్తాడో చూస్తాను అన్నాను. అప్పుడు పడింది ఆ అరచెయ్యి.

"వద్దు. ఒక్క పిల్ల నంబరు బయటవడ్డదని, అందరి కాయిదాలు నువ్వు జమ జేస్కుంటవా? రేపు నీ డబ్బ ఎవడన్న ఎత్తుకపోతే? ఇంకో మాట జెప్త ఇను. కాయిదం మనిషిని జూపెట్టదు. దొంగ కాయిదం తేవుడు ఎంత పని? మా గేటు కాడ మేం ముందుగాల కాయిదం అడగకపోయేది."

"మరేం అడిగేదమ్మా?"

"లోపట నిన్నెవలెరుగుతరు అని అడిగేది."

ఆ ఫ్యాక్టరీలో పద్ధతి ఇదీ అని చెప్పింది. పనికి కొత్తవాడు గేటు దగ్గరికి వస్తే, లోపల తనకు తెలిసినవాడి పేరు చెప్పాలి. ఈమె కబురు పంపేది. ఆ లోపలివాడు మిషిన్ ఆపుకుని, గేటు దాకా తన కాళ్ళతో నడిచి వచ్చి, కొత్తవాడి పక్కన నిలబడి, ముఖం చూసి, 'నా మనిషే' అని ఈమె ముందు అనాలి. పేరు చెప్పి పంపేయడం కుదరదు. అప్పుడు కొత్తవాడి పేరున నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళను బోర్డుకు తగిలించేవాళ్ళు. ఆ కొత్తవాడు లోపల తాగినా, ఆడపిల్లలతో పిచ్చివేషాలు వేసినా, బోర్డు మీంచి రెండు బిళ్ళలు దిగేవి. వాడిది దిగితే మళ్ళీ ఎక్కదు. తెచ్చినవాడిది నెల రోజులు.

"గందుకే, తమ్మున్ని తేవాల్నన్నా పది సార్లు సోంచాయించేటోళ్ళు," అంది. నేను కింద జిరాక్సు షాపు పిల్లాణ్ణి కేకేసి తెప్పించిన చాయ్‌ని సాసర్లో పోసుకుని, అప్పుడు తాగింది.

ఆ వారం కూర్చుని రిజిస్ట్రేషన్ మొత్తం మార్చాను. ట్రాఫిక్ లైట్లు పీకేశాను. కొత్తవాళ్ళు పాత మెంబరు ఒకరి పేరు చెప్పాలి. ఆ పాత మెంబరు వాళ్ళను కలవాలి, కుదరకపోతే వీడియోలో ముఖం చూసి మాట్లాడాలి. ఆ తర్వాత, ఎలా తెలుసో రెండు ముక్కలు అందరికీ కనబడేలా రాయాలి. అయినా వారం దాకా చదవడమే, రాయడం లేదు. వచ్చినవాడు బూతు రాస్తే వాడి అకౌంటు శాశ్వతంగా, తెచ్చినవాడి అకౌంటు ముప్పై రోజులు బంద్. అన్ని దరఖాస్తులూ చివరగా చూసే మనిషి గేటమ్మ.

మా వాళ్ళు మామూలుగా గొణిగారా! "ఇది ఫోరమా, పెండ్లి సంబంధమా?" అని రాశాడు రింగురోడ్డు రాజు. "ఇంక జాతకాలు గూడ అడుగుండ్రి" అని ఇంకొకడు. రోజుకు ఇరవై మంది చేరే చోట వారానికి ఇద్దరు కూడా రాలేదు. ఇలాగైతే ఫోరం ఎండిపోతుందమ్మా అని ఫోను చేశాను. "ఎండనీ. మోరీ నిండుగ పారితే ఖుషీ అయితవా?" అంది.

ఫోరం ఎండలేదు. శుభ్రపడింది. లోపల అప్పటికే దూరి ఉన్నవాళ్ళను ఆమె ఒక్కొక్కరినే పట్టుకుంది. గేటు దగ్గర ముఖం కంటే ముందు నడక వస్తుంది, నడకను బట్టే ఫలానావాడని చెప్పొచ్చు అనేది. రాతకు కూడా నడక ఉంటుందట. ఒకరోజు ముగ్గురి పేర్లు చెప్పి, ముగ్గురూ ఒక్కడే అంది. ఎలాగమ్మా అంటే, "ముగ్గురూ మాట్లాడే ముందట 'జనరల్‌గా' అంటున్రు. ముగ్గురు మనుషులకు ఒక్క తీర్ల దగ్గొస్తదా?" అంది. చూస్తే నిజంగానే ఒకే కంప్యూటరు. వాడు పోతూ పోతూ, ముసల్దానా నువ్వెప్పుడు చస్తావు అని ఆమెకు రాసిపోయాడు. దానికీ జవాబిచ్చింది: "వస్తది బిడ్డా. నువ్వు జెప్తె రాదు. అంతే." ఆ రోజు ఫోరమంతా పండగ చేసుకుంది.

తన అకౌంటు తీసెయ్యమని అంతకుముందే నాకు రాసిన సూదిదారం, ఇదంతా చూసి ఆగింది. మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. మురికినీళ్ళ ఫోటో రెండోసారి పెట్టింది. ఈసారి కింద వచ్చినవన్నీ మా గల్లీలో కూడా ఇంతే, ఫలానా ఆఫీసులో అర్జీ ఇయ్యి అనే మాటలే. ఒక్క బూతు లేదు. నేను ఆమె పోస్టును తెరిచి, ఊరికే, నాలుగైదుసార్లు చదువుకున్నాను.

తప్పు చేసింది గేటమ్మే.

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు దిగి, ఈ పక్కనే పని వెతుక్కుని, ఈ పక్కనే ఇల్లు కట్టుకున్నవాళ్ళు మాలో సగం మంది. వలిగొండ దిక్కు, మోత్కూరు దిక్కు, జనగామ దిక్కు. మా వాళ్ళకు ఒక జబ్బు ఉంది. ఎంత గట్టి మనిషైనా, 'మనది ఒక్క దిక్కే' అన్న మాట చెవిన పడితే మెత్తబడతాడు. మన దిక్కువాడిని అనుమానించడం మా దగ్గర అన్నం పెట్టి విస్తరి లాక్కోవడం లాంటిది. ఆ సంగతి, కొత్తగా చేరతానని ఆమెకు ఫోను చేసినవాడికి తెలుసు.

"చిన్నమ్మా, మంచిగున్నవా? మనది ఒక్క దిక్కే," అన్నాడట. వాళ్ళ ఊరి జాతర పేరు చెప్పాడు. వాళ్ళ పుట్టింటి వాకిట్లోని చేదబావి గురించి అడిగాడు. వాళ్ళ అమ్మ వండే సర్వపిండి రుచి గురించి తన తల్లి చెప్పేదన్నాడు. ఎక్కడ సంపాదించాడో ఆ వివరాలు! అరగంట మాట్లాడాడట. ముఖం చూపించమని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. చిన్నమ్మా అని పిలిచినవాణ్ణి నీ మొకం జూపెట్టు అని ఎట్లంటారు? ఫోరంలో రాసింది: "మా దిక్కు పిలగాడు. నాకెరుకే. అంతే."

ఎనిమిదో రోజు, రాయడానికి వీలు దొరికిన గంటలోనే వాడు ఒక ఫోటో పెట్టాడు. సూదిదారం తన షాపులో వంగి బట్ట కత్తిరిస్తుండగా ఎదురు గల్లీ నుంచి దొంగగా తీసింది. కింద నాలుగు వాక్యాలు. ఇక్కడ రాయను. పది నిమిషాల్లో తీసేశాను, కానీ అప్పటికే వాళ్ళ మరిది ఫోనులోకి చేరిపోయింది.

మరునాడు పొద్దున గేటమ్మ మళ్ళీ నా మెట్లెక్కింది. కూర్చోలేదు.

"నా బిళ్ళ దించు."

"అట్ల కాదమ్మా. నువ్వు లేకుంటే గేటు కాడ ఎవరుంటరు? అందరు నీ దిక్కే మాట్లాడుతున్నరు, చూడు. తెలిసి జేసినవా ఏంది?"

నిజంగానే నలభై మందికి పైగా రాశారు, ఆమెకు ఈ రూలు వద్దని. ఫోను చూపించబోయాను. చూడలేదు. నిలబడే అరచెయ్యి టేబుల్ మీద ఆనించింది.

"మా గేటు కాడ ఇంకొకడు గిట్లనే కూసుండి అడిగిండు, మా బావమర్దిని జర ఇడిసిపెట్టు అని. ఇడవలె. వాడు నా మొకం మీద ఉమిసినంత పని జేసిండు. నాకు చెల్లని రూలు వానికెందుకు చెల్లాలె? నొక్కు బిడ్డా. నా ముంగట నొక్కు."

నొక్కాను. ఆమె పేరు పక్కన బంద్ అని ఎర్రటి అక్షరాలు వచ్చాయి. నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆమె మాత్రం కళ్ళజోడు పెట్టుకుని, స్క్రీన్ దగ్గరికి వంగి, వచ్చిందని నిమ్మళపడింది.

"ఇగ నడువు. ఆ పిల్ల కాడికి పోదాం," అంది.

షాపులో సూదిదారం ఎవరివో లంగా ముక్కలు కత్తిరిస్తోంది. మమ్మల్ని చూసింది, కత్తెర ఆపలేదు. గేటమ్మ గడప బయటే నిలబడింది.

"తప్పు నాదే బిడ్డా. మొకం జూడకుంట లోపటికి తోలిన. నీకు ఫోన్‌ల జెప్పుడు మంచిగుండదని వచ్చిన."

కత్తెర నడుస్తూనే ఉంది. కాసేపటికి ఆ అమ్మాయి అంది: "నువ్వే గట్ల జేస్తె ఎట్ల గేటమ్మా? నేను నిన్ను జూసే ఆగిన. ఇంట్ల నిన్నటిసంది ఎవలు నాతోని మాట్లాడ్తలేరు. మా ఆయన ఆ ఫోన్ నాలల పారెయ్యమంటున్నడు. అన్నా, నా అకౌంటు తీసెయ్యి. ఈపాలి అడుగుతలేను, చెప్తున్న."

నేను సరే అనబోయాను. ఇంకేం ముఖం పెట్టుకుని ఉండమంటాను?

"పో," అంది గేటమ్మ. "పోవాలనుంటె పో. వద్దన నాకు హక్కు లేదు. గని నా జాగ ఇప్పుడు ఖాళీగుంది. ముప్పై దినాలు గేటు కాడ నువ్వు కూసో. ముప్పై ఒకటో దినం పోతవో ఉంటవో, నీ ఇష్టం."

"నేనా? నాకేమెరుక?"

"తిట్లు తిన్నదానివి. తిట్టనీకె వచ్చేటోడు ఎట్లుంటడో నీకంటె ఎవలకెరుక? తియ్యగ మాట్లాడేటోన్ని నేను పట్టలేకపోయిన. నిన్ను ఇగ తియ్యటి మాట ఏం జేస్తది?"

ఆ అమ్మాయి కత్తెర పక్కన పెట్టింది. స్టూలు మీదున్న బట్టల మూట తీసి కింద పెట్టింది. గేటమ్మ లోపలికి వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చుంది, సగం తలుపువైపు తిరిగి.

తర్వాత మూడు వారాలు పొద్దుటి పూట ఆమె ఆ స్టూలు మీదే ఉండేది. మిషిన్ కింద పాదం ఆడుతుంటే సూదిదారం దరఖాస్తులు చదివేది, ఈమె వినేది. రాయడానికి లేదు, ఎవరినీ తేవడానికి లేదు; అయినా అక్కడ కూర్చుని నేర్పుతూనే ఉంది. ఇది మోసం కాదా అమ్మా, నీ బిళ్ళ దిగింది గదా అని ఒకసారి ఆటపట్టించాను. "బిళ్ళ దించినవ్. నోరు దించలె," అంది.

ఆమె నేర్పిన పద్ధతులు నేను ఏ కంప్యూటరు పుస్తకంలోనూ చదవలేదు. మనిషిని అడగాల్సింది అడిగాక వెంటనే మాట్లాడకు, కొంచెంసేపు ఊకో. అబద్ధమాడేవాడు ఆ ఊకుండడం భరించలేక ఇంకోటి చెప్తాడు. తొందరపెట్టేవాడిని ఇంకో రోజు రమ్మను. పని ఉన్నవాడు వస్తాడు, కిరికిరి ఉన్నవాడు తిడతాడు, వాడు నీ పని తేలిక చేసినట్టే. ముఖం చూపించడానికి సిగ్గుపడే ఆడపిల్లను మాత్రం కసిరి పంపకు, నువ్వే లేచి ఆమె దగ్గరికి పో. ఈ చివరిది చెప్పినప్పుడు తానే లేచి బయల్దేరింది. అంబర్‌పేటలో బురఖా వేసుకునే ఒకావిడ మా ఫోరంలో చేరతానని రాసింది. ముఖం మగవాళ్ళకు చూపించనంది. గేటమ్మా సూదిదారమూ ఆటో ఎక్కి వాళ్ళింటికి పోయి, చాయ్ తాగి, నా మనిషే అని సూదిదారం చేత రాయించి వచ్చారు. చదవడమే అన్న వారం గడిచిన రోజు నుంచి ఆవిడ దవాఖానాల గురించి రాస్తోంది. ఆవిడ అంత బాగా ఇంకెవరూ రాయరు.

ఇరవై రెండో రోజు పొద్దున స్టూలు ఖాళీగా ఉంది. తెల్లవారుజామున గుండె పట్టేసిందట. దవాఖానాకు తీసుకుపోయే దారిలోనే, ఉప్పల్ దాటకముందే పోయింది.

షామియానా కింద నవ్వి, ఏడ్చి, మట్టి ముగించుకుని ఇళ్ళకు పోయిన మా వాళ్ళు ఆ సాయంత్రమే మొదలుపెట్టారు. ఆమె అకౌంటు తెరవమని. చనిపోయిన మనిషి పేరు పక్కన బంద్ అని ఎర్రగా ఉండటం చూడలేకపోతున్నామని. ఆమె పేజీలో పూలు పెట్టుకోవడానికైనా తెరువన్నా అని బోరునీళ్ళు నాకు ఫోను చేసి ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. అంతలోనే, ఆమె పోయిందని ఎలా తెలిసిందో, కిరికిరిగాళ్ళ దరఖాస్తులు కుప్పగా వచ్చి పడ్డాయి. పేరు చెప్పాల్సిన గడిలో ఆమె మీద బూతులు రాశారు. గేటు ఊడింది, ఇక రావచ్చు అనుకున్నట్టున్నారు.

నేను సూదిదారానికి ఫోను చేశాను. తెరుద్దామా అని అడిగాను. తెరవమంటుందనే అనుకున్నాను.

"ఇంక ఎనిమిది దినాలుంది గదన్నా," అంది.

"మనిషే లేదు గదమ్మా."

"లేకుంటె? ఆమె గట్టిగ నొక్కిపిచ్చింది నాకోసం. నాకు జరిగిందానికి ఎవలో ఒకలు లెక్క జెప్పాల్నని ఆమెనే నిలవడ్డది. ఇంట్లోళ్ళు నిలవడలె, పోలీసోళ్ళు నిలవడలె. దాన్ని నువ్వు మధ్యల తెరిస్తె, గా శిక్ష ఉత్తదే అయితది. నేనొప్పుకోను. గా దరఖాస్తుల సంగతి నేను జూస్త. నువ్వు ఏడ్వు, పర్లేదు."

ఆ ఎనిమిది రోజులు తెరవలేదు. కొందరు నన్ను రాయి అన్నారు, ఒకాయన ఫోరం వదిలి పోయాడు కూడా. పోనీ అనుకున్నాను. ఇంత మొండితనం నాకు ముందు లేదు, కోపం మాత్రమే ఉండేది. ఈ రెండూ వేరని గేటమ్మను చూశాకే తెలిసింది. సూదిదారం ఆ కుప్పలోని దరఖాస్తులు ఒక్కొక్కటే, బ్లౌజులు కుట్టే మధ్యలో, తిప్పి కొట్టింది. వాటిలో ఒక్కటీ లోపలికి రాలేదు.

ముప్పై ఒకటో రోజు పొద్దున గది తాళం తీసి, దీపమైనా పెట్టకుండా ముందు ఆ ఎర్ర అక్షరాలు తీసేశాను. తర్వాత సూదిదారానికి ఫోను చేశాను. గేటమ్మ మాట ప్రకారం, పోతుందో ఉంటుందో ఆమె చెప్పాల్సిన రోజు అదే.

"అమ్మా, ముప్పై దినాలు అయిపోయినయి. నీ అకౌంటు..."

"ఆగన్నా, జర లైన్‌ల ఉండు. ఇంకో ఫోన్‌ల ఒకడున్నడు, కొత్తగ చేరుతడట."

మిషిన్ చప్పుడు ఆగింది. ఆమె ఆ రెండో ఫోనులో మాట్లాడటం నాకు వినబడుతోంది. అవతలి గొంతు మెత్తగా, అక్కా అంటోంది. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది:

"నీ గొంతు నాకెరుకనే. నెల దినాలు నువ్వు నాకు ఫోన్ జేసినవ్ గద, నేను భయపడి కట్ జేసేది. ఇయ్యాల నేను కట్ జెయ్య. వీడియో పెట్టు. ఎదురు గల్లీలకెల్లి దాక్కొని నన్ను జూసినవ్. ఇప్పుడు నేను నిన్ను జూస్త. పెట్టు."

మిషిన్ చప్పుడు మళ్ళీ మొదలైంది.

"కట్ జేసిండన్నా," అంది నాతో. గొంతులో వణుకు ఉంది, దాని మీద నవ్వూ ఉంది. "ఆఁ, ఇగ నువ్వు జెప్పు. నా అకౌంటు ఏమన్నవ్? పోత అని నేనెప్పుడన్న?"